ఆకాశానికి మనోచిత్రం

విదియనాటి సాయంత్రం పడమటి దిక్కున సన్నని నెలవంక కనిపిస్తుంది. చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయని జూనియర్ కళాశాల విద్యార్థిని అడిగితే సమాధానానికి తడుముకోడు. చంద్రునికి స్వయంప్రకాశం లేదని, సూర్యకాంతి వల్లనే వెలుగుతాడని, భూమి చుట్టూ తిరుగుతుండడం వల్ల ఆ వెలుగు హెచ్చుతగ్గులుగా కనిపిస్తుందని అప్పజెప్పుతాడు. అదే విద్యార్థిని ఆరుబయటికి పిలిచి, ఆ నెలవంకను చూపి, వెలిగే అంచు ఏ వైపున ఉంది, ఎందుకు ఆ వైపుననే ఉంది, రేపు ఇదే వేళకు అది ఎక్కడ ఉంటుంది అని అడిగితే చాలాసార్లు మౌనమే సమాధానమవుతుంది. పాఠం నాలుకపై నిలిచింది గాని కంటిముందు నిలవలేదు. ఈ లోటు మిగిలిన శాస్త్రాలలో కన్న ఖగోళశాస్త్రంలో ఎక్కువగా బాధిస్తుంది. రసాయనాన్ని పరీక్షనాళికలో పోసి చూడవచ్చు. పువ్వును రేకులు విడదీసి బల్లమీద పరచవచ్చు. భూమిని, సూర్యుని ప్రయోగశాలకు తీసుకొని రావడం సాధ్యం కాదు. వాటిని మనసులోనే నిలబెట్టుకోవాలి. అలా నిలబెట్టుకున్న రూపమే మనోచిత్రం.

మనోచిత్రం లేని మనసు ఖాళీగా ఉండదు. సరియైన చిత్రం లేనిచోట తప్పు చిత్రం తిష్ఠ వేస్తుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1987లో స్నాతకోత్సవం జరిగిన రోజున కొందరు పట్టభద్రులను, పూర్వవిద్యార్థులను, అధ్యాపకులను కెమెరా ముందు నిలిపి ఋతువులు ఎందుకు మారుతాయని, చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయని అడిగారు. 23 మందిలో 21 మంది సరియైన సమాధానం చెప్పలేకపోయారు. భూమి సూర్యునికి దగ్గరగా వచ్చినప్పుడు వేసవి, దూరంగా జరిగినప్పుడు శీతకాలం అని ఎంతో ధీమాగా చెప్పినవారే వారిలో ఎక్కువ. ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ దృశ్యంతోనే మొదలవుతుంది. అదే చిత్రంలో ఒక పాఠశాల విద్యార్థిని కూడా కనిపిస్తుంది. ఆమె తెలివైనది, శ్రద్ధగా పాఠం విన్నది. అయినా పాఠం ముగిసిన తరువాత కూడా పాత ఊహలలో కొన్నింటిని వదులుకోలేకపోయింది. కొత్త పాఠం పాత చిత్రంపై పూతగా పడిందే తప్ప దానిని చెరిపివేయలేదు.

ఈ పొరపాటులో పాఠ్యపుస్తకాలకు కూడా కొంత పాలు ఉంది. భూకక్ష్య దీర్ఘవృత్తమని చెప్పే ఉత్సాహంలో చిత్రకారులు దానిని కోడిగుడ్డుకన్న సాగదీసి గీస్తారు. అది చూసిన విద్యార్థికి భూమి ఒకచోట సూర్యునికి ఆనుకొని, మరొకచోట ఎంతో దూరాన పోతున్నట్లు తోస్తుంది. వాస్తవంలో భూకక్ష్యను కాగితంపై సరియైన కొలతలతో గీస్తే వట్టి కంటికి అది వృత్తంగానే కనిపిస్తుంది. భూమి సూర్యునికి అతి సమీపంగా వచ్చే జనవరి మొదటివారంలో ఆ దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, అతి దూరంగా ఉండే జూలై మొదటివారంలో సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. భేదం నూటికి మూడు పాళ్ళకు కొంచెం ఎక్కువ. పైగా దగ్గరగా ఉన్న జనవరిలోనే తెలుగునాట చలిమంటలు వేసుకుంటారు. ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలో ఎండలు మండుతుంటాయి. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టెస్ట్ మ్యాచ్ నడివేసవిలో జరుగుతుందని క్రికెట్ అభిమానులందరికీ తెలుసు. దూరమే కారణమైతే భూగోళమంతటా ఒకేసారి వేసవి రావాలి. తెలిసిన ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూడకపోవడం వల్లనే తప్పు చిత్రం నిలకడగా ఉండిపోతున్నది.

ఖగోళాన్ని అర్థం చేసుకోవడమంటే ప్రధానంగా రెండు చోట్ల నిలబడి చూడగలగడం. మొదటి చోటు భూమి. అక్కడినుంచి సూర్యుడు ఉదయించి అస్తమిస్తాడు, నక్షత్రాలు తూర్పునుంచి పడమరకు కదులుతాయి. రెండవ చోటు భూమికి వెలుపల, ఎవరూ నిలబడి చూడని అంతరిక్షంలో ఉంది. అక్కడినుంచి చూస్తే తిరిగేది భూమి. ఒక చోటునుంచి మరొక చోటికి మనసు సునాయాసంగా రాకపోకలు సాగించగలిగినప్పుడే పాఠం పట్టుబడినట్లు. ఈ సంగతి భారతీయులకు కొత్త కాదు. క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’ గోళపాదంలో ఆర్యభటుడు భూభ్రమణాన్ని వివరించడానికి పడవను ఉపమానంగా తీసుకున్నాడు. ముందుకు సాగే పడవలో కూర్చున్నవానికి ఒడ్డున కదలక నిలిచిన వస్తువులు వెనుకకు పోతున్నట్లు కనిపిస్తాయి. అలాగే స్థిరమైన నక్షత్రాలు పడమరకు పోతున్నట్లు భూమిపై ఉన్నవారికి కనిపిస్తాయని ఆయన భావం. పడవలోని చూపు, ఒడ్డునుంచి చూపు రెండింటినీ శ్రోత మనసులో ఒకేసారి మేల్కొలిపే ఉపమానమిది. గోదావరిపై లాంచీలో ప్రయాణించినవారికి, రైలు కిటికీ పక్కన కూర్చున్నవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. గుండ్రని భూమిపై అన్ని వైపులా ప్రాణులు ఎలా ఉండగలవన్న సందేహానికి ఆయన కదంబపుష్పాన్ని చూపాడు. ఆ పూవు బంతిలా ఉంటుంది, కేసరాలు అన్ని దిక్కులకూ నిక్కి ఉంటాయి. ఏ కేసరానికైనా పూవు నడిభాగమే అడుగు, వెలుపలి ఆకాశమే పైభాగం.

చంద్రకళల విషయంలో ఉపమానం కన్న అనుభవమే మేలు. అందుకు ఒక చీకటి గది, ఒక దీపం, ఒక తెల్లని బంతి చాలు. దీపం సూర్యుడు, బంతి చంద్రుడు, విద్యార్థి తలే భూమి. బంతిని చేయి చాచి, కంటిమట్టానికి కొంచెం పైగా పట్టుకొని దీపానికి ఎదురుగా నిలబడితే బంతిలో వెలిగిన సగం దీపం వైపు, చీకటి సగం విద్యార్థి వైపు ఉంటాయి. అది అమావాస్య. అక్కడినుంచి చేయి అలాగే చాచి ఉంచి నెమ్మదిగా ఎడమకు తిరగాలి. బంతి కుడి అంచున సన్నని వెలుగురేఖ పుడుతుంది. పావుచుట్టు తిరిగేసరికి సగం బంతి వెలుగుతుంది. దీపానికి పూర్తిగా వీపు పెట్టినప్పుడు బంతి నిండుగా ప్రకాశిస్తుంది. ఇంకా తిరిగితే వెలుగు కుడివైపునుంచి తరుగుతూ చివరకు ఎడమ అంచున నెలవంకగా మిగులుతుంది. ఇంతసేపూ బంతిలో సగం వెలుగుతూనే ఉంది. మారినదల్లా ఆ సగంలో ఎంత భాగం కంటికి ఎదురుగా వచ్చిందన్నదే. భూమి నీడ పడడం వల్ల చంద్రుడు క్షీణిస్తాడని భావించేవారికి ఈ ఒక్క చుట్టు చాలు, ఆ భ్రమ తొలగిపోతుంది. తల నీడ బంతిపై పడడానికి అవకాశమున్నది దీపానికి వీపు పెట్టినప్పుడు ఒక్కసారే. బంతిని కొంచెం కిందికి దించి ఆ నీడ పడనిస్తే అది చంద్రగ్రహణం.

విదేశీ పుస్తకాలనుంచి ఎత్తి వేసిన బొమ్మలలో నెలవంక కుండలీకరణ చిహ్నంలా నిటారుగా నిలబడి ఉంటుంది. తెలుగునాట ఆకాశంలో అది చాలా నెలల్లో వెనక్కి వాలి, పడవలా కనిపిస్తుంది. ఉష్ణమండలంలో సూర్యచంద్రులు దిగంతంలోకి దాదాపు నిటారుగా దిగడమే దీనికి కారణం. ఎక్కడినుంచి చూసినా వెలిగే అంచు మాత్రం అస్తమించిన సూర్యుని వైపే తిరిగి ఉంటుంది.

తెలుగు విద్యార్థికి ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. ఇంటి గోడకు వేలాడే క్యాలెండరులోనే చంద్రగమనం అంతా దాగి ఉంది. సూర్యునినుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి. పూర్తి చుట్టు 360 డిగ్రీలు గనుక తిథులు ముప్పయి. తిథి సగటున 24 గంటలకన్న కొంచెం తక్కువ కాలం ఉంటుంది. చేయి చాచి పట్టుకున్న పిడికిలి ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. అంటే చంద్రుడు సూర్యునినుంచి రోజుకు ఒక పిడికిలి మీద కొంత చొప్పున దూరమవుతున్నాడన్నమాట. అష్టమి నడుమకు వచ్చేసరికి ఆ కోణం 90 డిగ్రీలు, పూర్ణిమ ముగిసేసరికి 180 డిగ్రీలు. చిన్ననాటినుంచి పాడ్యమి, విదియ, తదియ అని వల్లించిన వరుస నిజానికి ఒక కోణమానిని. ఈ దృష్టితో చూస్తే పండుగలన్నీ ఆకాశంలో గీసిన బొమ్మలవుతాయి. కార్తిక పూర్ణిమనాడు సూర్యుడు పడమట కుంగుతుండగా చంద్రుడు తూర్పున ఉదయిస్తాడు. ఆ రాత్రి చంద్రుని సమీపంలో కృత్తికల గుంపు ఉంటుంది, మాసానికి ఆ పేరు దానివల్లనే వచ్చింది. శ్రీరామనవమినాడు మధ్యాహ్నం దాటిన తరువాత, ఎండ కాస్తుండగానే, సగానికి కొంచెం మించిన చంద్రుడు తూర్పున లేస్తాడు. చంద్రుడు రాత్రి మాత్రమే కనిపిస్తాడనుకొనేవారు ఆ రోజు తల ఎత్తి చూడడం మంచిది. కృష్ణాష్టమినాడు చంద్రోదయం అర్ధరాత్రి ప్రాంతంలో జరుగుతుంది. మహాశివరాత్రి జాగరణ చేసేవారికి తెల్లవారుజామున మాత్రమే తూర్పున సన్నని రేఖ కనిపిస్తుంది. వినాయక చవితి చంద్రుడు సూర్యాస్తమయమైన రెండు మూడు గంటలలో అస్తమిస్తాడు. ఆనాడు చంద్రుని చూస్తే నీలాపనిందలు వస్తాయని భయపడేవారికి మిగిలిన పదకొండు నెలల చవితులు ఉండనే ఉన్నాయి.

దీపం, బంతి ప్రయోగంలో ఒక లోపముంది. అందులో దూరాల నిష్పత్తి లేదు. ఆ లోపాన్ని కళాశాల మైదానంలో సరిదిద్దవచ్చు. మైదానం ఒక చివర ముగ్గుపిండితో మీటరు వ్యాసమున్న వృత్తం గీస్తే అది సూర్యుడు. అదే కొలతలో భూమి 9 మిల్లీమీటర్లు, అంటే ఒక శనగగింజ. ఆ గింజను ఎక్కడ పెట్టాలని అడిగితే విద్యార్థులు సాధారణంగా నాలుగైదు అడుగుల దూరంలో చూపిస్తారు. దానిని పెట్టవలసినది 107 మీటర్ల దూరంలో. చంద్రుడు ఆవగింజకన్న కొంచెం పెద్ద గింజ, శనగగింజకు జానెడు మీద నాలుగు వేళ్ళ దూరంలో, అంటే సుమారు 28 సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. గురుగ్రహం 10 సెంటీమీటర్ల బంతి, ముగ్గుకు అరకిలోమీటరు పైగా దూరంలో ఉంటుంది. నిమ్మకాయంత నెప్ట్యూన్ 3 కిలోమీటర్లు దాటి పొరుగూరి పొలిమేరలో ఉంటుంది. సూర్యుని తరువాత అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీని ఈ కొలతలో పెట్టాలంటే 28 వేల కిలోమీటర్లకు పైగా పోవాలి. అది భూమధ్యరేఖ చుట్టుకొలతలో మూడింట రెండు వంతులకన్న ఎక్కువ. పుస్తకంలో ఒకే పుటలో సూర్యుని, గ్రహాలను వరుసగా పేర్చిన బొమ్మ ఎంత సాహసం చేసిందో అప్పుడు తెలుస్తుంది.

ప్రతి అమావాస్యకు సూర్యగ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్నకు కూడా ఈ గింజలే సమాధానమిస్తాయి. చంద్రుని కక్ష్య భూకక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. పుస్తకంలో ఈ 5 డిగ్రీలు అల్పంగా కనిపిస్తాయి. మైదానంలో లెక్క వేస్తే ఆవగింజ లాంటి ఆ చిన్న గింజ ముగ్గును, శనగగింజను కలిపే రేఖకు రెండున్నర సెంటీమీటర్ల వరకు పైకో కిందికో పోతుందని తేలుతుంది. శనగగింజ ఎత్తు సెంటీమీటరైనా లేదు. అందుచేత చిన్న గింజ నీడ చాలా అమావాస్యలకు దానిని తాకకుండానే పైనుంచో కిందనుంచో పోతుంది. తాకినప్పుడు కూడా తాకేది కొసమాత్రమే. చంద్రుని గాఢమైన నీడ ఈ కొలతలో సుమారు 27 సెంటీమీటర్ల పొడవున సన్నబడుతూ పోయి, శనగగింజ దగ్గర సూదిమొనగా ముగుస్తుంది. మొన తాకిన సన్నని బాటలోనివారికే సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడు కొంచెం దూరంగా ఉన్న రోజున మొన భూమిని చేరదు. అప్పుడు కనిపించేది కంకణగ్రహణం. భూమిపై ఏదైనా ఒకచోట సంపూర్ణ సూర్యగ్రహణం సగటున మూడున్నర శతాబ్దాలకు పైగా వ్యవధిలో ఒకసారి మాత్రమే సంభవిస్తుంది.

అంతటి అరుదైన నీడ 1980 ఫిబ్రవరి 16న తెలుగునేలమీదుగా సాగిపోయింది. హైదరాబాదుకు సమీపంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపురం వేధశాల ఆ బాటలో ఉండడంతో దేశవిదేశాల శాస్త్రజ్ఞులు పరికరాలతో అక్కడికి చేరుకున్నారు. అదే సమయంలో ఎన్నో పట్టణాలలో పట్టపగలు వీధులు బోసిపోయాయి. తలుపులు, కిటికీలు మూసుకొని ఇళ్లలో కూర్చున్నవారు లెక్కకు మించి ఉన్నారు. వారిలో గ్రహణానికి నిర్వచనం చదివినవారు లేకపోలేదు. ఒక చిన్న గింజ నీడ ఒక శనగగింజను తాకి పోతున్నదన్న చిత్రం మాత్రం వారి కళ్ళముందు లేదు. సూర్యుని వట్టికంటితో చూడరాదన్న జాగ్రత్త గ్రహణ సమయంలోనూ, మిగిలిన రోజులలోనూ సమానంగా అవసరం. అందుకు తలుపులు మూయనక్కరలేదు. పాక్షిక గ్రహణవేళ జల్లెడను ఎండలో పట్టి నేలను చూస్తే, ప్రతి రంధ్రం కిందా ఒక చిన్న నెలవంక సూర్యుడు కనిపిస్తాడు. చెట్టునీడలో ఆకుల సందులనుంచి పడే వెలుగుమచ్చలు కూడా ఆ రూపమే దాలుస్తాయి.

ఋతువుల చిత్రానికి ఒక బత్తాయి, ఒక చీపురుపుల్ల కావాలి. పుల్లను బత్తాయి నడుమగా గుచ్చి, 23.5 డిగ్రీలు వాల్చి పట్టుకొని దీపం చుట్టూ నడవాలి. పుల్ల కొస గదిలో ఏ మూలవైపు వాలిందో చుట్టు పూర్తయ్యేదాకా ఆ మూలవైపే వాలి ఉండాలి. మొదటిసారి ప్రయత్నించేవారిలో చాలామంది తమకు తెలియకుండానే పుల్లను ఎప్పుడూ దీపంవైపే తిప్పుతూ పోతారు. అలా చేస్తే ఉత్తరార్ధగోళంలో ఏడాది పొడవునా వేసవే. చేతిని అదుపులో పెట్టుకొని నడిచినప్పుడు, ఒకవైపు బత్తాయి పైసగం దీపానికి మొగ్గుతుంది, ఎదురువైపుకు వెళ్ళేసరికి కిందిసగం మొగ్గుతుంది. మొగ్గినవైపు వెలుగు నిటారుగా, ఎక్కువసేపు పడుతుంది. టార్చిలైటును కాగితంపై నిటారుగా వేసి, తరువాత ఏటవాలుగా వేస్తే అదే వెలుగు ఎక్కువ చోటికి పరచుకొని పలచబడడం కూడా చూడవచ్చు. దీనికి లెక్క ఇంటి ముంగిటనే దొరుకుతుంది. మీటరు కర్రను నేలపై నిటారుగా పాతితే, డిసెంబరు 22 ప్రాంతంలో హైదరాబాదులో నడిమధ్యాహ్నం దాని నీడ 86 సెంటీమీటర్లు ఉత్తరంవైపు పడుతుంది. అప్పుడు సూర్యుడు దిగంతానికి సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు గనుక, నడినెత్తిన ఉన్నప్పుడు నేలకు అందే వెలుగులో ముప్పాతిక వంతే అందుతుంది. మే 9 ప్రాంతంలో నీడ మాయమవుతుంది. ఆ తరువాత ఆగస్టు 3 ప్రాంతంవరకు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆగస్టులో మళ్ళీ ఒక రోజు నీడ ఉండదు. దక్షిణంగా ఉన్న తిరుపతిలో ఈ నీడలేని రోజు ఏప్రిల్ చివరివారంలోనే వస్తుంది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీవారికి అది ఎన్నడూ రాదు. తెలుగునాట సూర్యుడు జూన్‌లోనూ నెత్తిమీదనే ఉన్నా ఎండలు మేలో ముదరడానికి కారణం వేరు. జూన్‌లో వచ్చే ఋతుపవన మేఘాలు ఎండకు గొడుగు పడతాయి.

చిత్రాన్ని చూడడం ఒక ఎత్తు, గీయడం ఒక ఎత్తు. 1609లో ఇంగ్లండులో థామస్ హారియట్ దూరదర్శినితో చంద్రుని చూసి బొమ్మ గీశాడు. వెలుగుచీకట్ల సరిహద్దును ఒక గరుకు గీతగా గుర్తించాడే గాని, అక్కడ కొండలున్నాయని ఆయనకు తోచలేదు. కొన్ని నెలల తరువాత ఇటలీలో గెలీలియో కూడా చంద్రునే చూశాడు. ఆయనకు చిత్రలేఖనంలో, వెలుగునీడల అమరికలో అభ్యాసముంది. చీకటిభాగంలో విడిగా మెరిసే చుక్కలను చూసి, లోయల్లో ఇంకా తెల్లవారకముందే శిఖరాలపై పడే ఎండగా వాటిని గుర్తించాడు. ఆ చుక్కలు సరిహద్దుకు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి కొండల ఎత్తును అంచనా కట్టాడు. 1610లో ఆయన ‘సిడెరియస్ నున్సియస్’ గ్రంథం వెలువడిన తరువాత హారియట్ గీసిన బొమ్మలలోనూ చంద్రబిలాలు కనిపించసాగాయి. చూపు మారడానికి ముందు మనసులో చిత్రం మారవలసి వచ్చింది.

నేడు ఈ పనికి సాధనాలకు కొదవ లేదు. జర్మనీలోని జైస్ సంస్థ 1923లో మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శించిన నక్షత్రశాల యంత్రం గుమ్మటంకింద కృత్రిమ ఆకాశాన్ని సృష్టించింది. 1985లో హైదరాబాదులో ప్రారంభమైన బిర్లా ప్లానెటోరియంలో తెలుగు విద్యార్థులు ఎందరో అటువంటి ఆకాశాన్ని చూశారు. రాత్రంతా జరిగే నక్షత్రగమనాన్ని అక్కడ కొద్ది నిమిషాలలో చూడవచ్చు. స్టెల్లేరియం వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆ అవకాశం ఇంటికే వచ్చింది. ఇవి ఎంతో ఉపకరిస్తాయి. అయితే తెర తానే అన్నీ తిప్పి చూపినప్పుడు చూసేవాని మనసు విశ్రాంతి తీసుకొనే ప్రమాదముంది. తరువాత ఏమి జరుగుతుందో ముందుగా కాగితంపై గీసి, ఆపై మీట నొక్కితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఖర్చులేని అభ్యాసం మరొకటి ఉంది. పాడ్యమినుంచి అమావాస్యవరకు ప్రతిరోజూ చంద్రుని ఆకారాన్ని, చూసిన వేళను, దిక్కును, సూర్యునినుంచి ఎన్ని పిడికిళ్ళ దూరమో ఒక నోటుపుస్తకంలో గీసి ఉంచడం. బహుళపక్షంలో దీనికోసం తెల్లవారుజామున లేవవలసి వస్తుంది. శ్రావణ భాద్రపదాలలో మబ్బు పట్టి కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీలను ముందురోజు బొమ్మనుబట్టి పెన్సిలుతో నింపి, మబ్బు విడిన రాత్రి బయటికి వచ్చి, తాను గీసినచోట చంద్రుడు ఉన్నాడో లేడో విద్యార్థి సరిచూసుకోవచ్చు.